డప్పు చుట్టూ ఎనభై ఏళ్లు

ప్రజానాట్యమండలి బుర్రకథ నుంచి జననాట్యమండలి గజ్జెల దాకా, ధూంధాం వేదికల నుంచి సర్కారు జీతాల పద్దు దాకా తెలుగు నేల మీద పాటల దళం నడిచిన దారి, ఆ దారిలోని మైలురాళ్లు

రాక్ బ్యాండ్ అనగానే ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్ముల సెట్టు, రంగురంగుల దీపాల వేదిక కళ్లముందు కదులుతాయి. అయితే ఆ హంగును పక్కనపెట్టి పని తీరును మాత్రమే చూస్తే దాని లక్షణాలు నాలుగే: నలుగురైదుగురు కలిసి ఒక జట్టుగా ఏర్పడటం, తమ పాట తామే కట్టుకోవడం, ఊరూరా తిరిగి జనం ముందు పాడటం, ఆ పాటతో ఒక తరం కోపానికీ ఆశకూ గొంతునివ్వడం. ఈ నాలుగు లక్షణాలనూ గీటురాయిగా పెట్టుకుంటే, పాశ్చాత్య దేశాల్లో రాక్ సంగీతం పుట్టడానికి దాదాపు పదేళ్ల ముందే తెలుగు నేల మీద అటువంటి జట్టు ఒకటి తయారైందని, అది పేర్లు మార్చుకుంటూ, మనుషులను మార్చుకుంటూ ఎనభై ఏళ్లకు పైగా నడుస్తూనే ఉందని ఒప్పుకోవలసి వస్తుంది. 1943లో ప్రజానాట్యమండలిగా మొదలై, 1972లో జననాట్యమండలిగా మళ్లీ పుట్టి, 2002 తర్వాత ధూంధాంగా విస్తరించిన ఆ పాటల దళానికి ఒకే రిజిస్ట్రేషను, ఒకే జెండా, ఒకే నాయకత్వం ఎన్నడూ లేవు. ఈ సంస్థల మధ్య సిద్ధాంత విభేదాలూ తక్కువేమీ కావు. అయినా ముందు నిలబడి పాడేవాడు ఒకడు, అతనికి వంత అందుకునేవారు ఇద్దరు ముగ్గురు, వెనక ఒక తోలు వాద్యం అనే అమరిక మాత్రం చెక్కుచెదరకుండా ఒకరి నుంచి మరొకరికి అందుతూ వచ్చింది.

ఆ దళం చరిత్రను చదవడానికి ఖమ్మం, భద్రాచలం అడవుల సరిహద్దు అనువైన చోటు. వైరా, తల్లాడ, ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వెళ్లే రోడ్డు మీద, మైదానపు పొలాలు సన్నగిల్లి అడవి, బొగ్గుగనుల ప్రాంతం మొదలయ్యే చోట జూలూరుపాడు ఉంది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చిన ఈ మండలంలో కోయగూడేలు, లంబాడీ తండాలు, రైతుల ఊళ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. నిజాం పాలన కాలంలో ఈ ప్రాంతం హైదరాబాదు రాజ్యంలో ఉండగా, దక్షిణాన కృష్ణా జిల్లా, గోదావరికి అవతల భద్రాచలం బ్రిటిషువారి మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. భద్రాచలం డివిజను 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో భాగమే. రెండు రాజ్యాల నడుమ, మైదానానికీ అడవికీ నడుమ ఉన్న ఇటువంటి సరిహద్దు నేలల మీదుగానే పాటల దళాలు తెలుగునాట ఒక మూల నుంచి మరో మూలకు సాగాయి.

అడవి అంచున మోగే వాద్యాలు

దళం పుట్టుకకు ముందే ఈ నేలకు తనదైన బృందగానం ఉంది. కోయల వంశ చరిత్రలను గానం చేసే కథకులను డోలీలు అంటారు. రెండు వైపులా తోలు బిగించిన పెద్ద డోలు వాయిస్తూ, పడిగె అనే త్రికోణాకారపు గుడ్డ పటాన్ని ముందు పెట్టుకుని, దాని మీద చిత్రించిన బొమ్మల వరుసను అనుసరిస్తూ, గట్టు అని పిలిచే ఒక్కొక్క వంశ విభాగం పుట్టుపూర్వోత్తరాలను వారు రాత్రులు పొడవునా పాడతారు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ ఇలా గొంతు నుంచి గొంతుకు దిగివచ్చినవే. ఇంటి నుంచి ఇంటికి, తండ్రి నుంచి కొడుక్కి సంక్రమించే ఈ డోలీ బృందాల్లో మనిషి పోయినా పాట పోకుండా కాపాడే ఏర్పాటు ఉంది. ప్రధాన గాయకుడి వెనక కూర్చుని వంత అందుకునే కుర్రవాడే కొన్నేళ్లకు ప్రధాన గాయకుడు అవుతాడు కాబట్టి, వంత స్థానం సహాయకుడి పీటగానే గాక శిక్షణ పొందే బడిగానూ పనిచేస్తుంది.

మైదానపు ఊళ్లలో డోలు స్థానం డప్పుది. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి చేసే ఈ వాద్యాన్ని ఎడమ భుజానికి తగిలించుకుని, ఎడమ చేతిలోని సన్నటి చిటికెన పుల్లతోనూ, కుడి చేతిలోని పొట్టి, మందపు సిర్రతోనూ వాయిస్తారు. సిర్ర దెబ్బ దరువును మోస్తే, చిటికెన పుల్ల దాని సందుల్లో సన్నటి చప్పుళ్లను నింపుతుంది. వాయించే ముందు గడ్డి మంట వేసి తోలును కాచుతారు, వేడికి తోలు బిగిసి మోత పైస్థాయికి వెళుతుంది. వానాకాలం గాలిలోని తేమకు అది సడలినప్పుడల్లా మళ్లీ మంట దగ్గరికి తీసుకెళ్లవలసిందే. కరెంటు లేకుండానే ఊరంతటికీ వినిపించగల ఈ వాద్యం చావుకూ, జాతరకూ, దండోరాకూ మాదిగవాడల నుంచి రావలసిందేగానీ, కచేరీ వేదిక మీదికి దాన్ని ఎన్నడూ పిలవలేదు. సమాజం కింద కూర్చోబెట్టిన ఈ వాద్యాన్ని సభ నడిమధ్యకు తెచ్చి నిలబెట్టడం పాటల దళం చేసిన పనుల్లో అన్నిటికన్నా పెద్దది.

1943: కథకుడు, రెండు వంతలు

1943 మే నెలలో బొంబాయిలో భారత ప్రజానాట్య సంఘం, అంటే దేశమంతటా ఇప్టాగా పేరుపడిన సంస్థ, ఏర్పడింది. రెండో ప్రపంచయుద్ధం, బెంగాల్ కరువు కలిసి దేశాన్ని కుదిపేస్తున్న ఆ కాలంలో కళను జనం చేతి పనిముట్టుగా మలచాలన్న ఆలోచనకు ఆంధ్రదేశంలో వచ్చిన రూపమే ప్రజానాట్యమండలి. రాజమండ్రికి చెందిన వైద్యుడు, నటుడు డాక్టర్ గరికపాటి రాజారావు దానికి సారథి. మండలి చేపట్టిన మొదటి పెద్ద పని, జంగం కథగా ఊళ్లలో బతుకుతున్న ప్రాచీన రూపాన్ని తీసుకుని బుర్రకథగా తీర్చిదిద్దడం.

బుర్రకథ నిర్మాణాన్ని కొంచెం దగ్గరగా పరిశీలిస్తే ఆ ఎంపిక ఎంత తెలివైనదో అర్థమవుతుంది. నడుమ నిలబడే కథకుడు భుజాన తంబుర వేసుకుని, కుడిచేతి బొటనవేలికి తొడుక్కున్న అందెను మరో వేలి ఉంగరానికి తాటించి తాళం వేస్తూ, ముందుకూ వెనక్కూ అడుగులు వేస్తూ కథ నడుపుతాడు. అతనికి రెండు పక్కలా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. వారిలో ఒకడు నవ్వించే హాస్యపు వంత, రెండోవాడు వర్తమాన విషయాలను కథలోకి లాక్కొచ్చే రాజకీయ వంత. కథ వందల ఏళ్ల నాటిదైనా సరే, బొబ్బిలి కోట యుద్ధం నడుమ బియ్యం ధర గురించీ, జమీందారు వెట్టి గురించీ ప్రశ్న వేయడానికి రాజకీయ వంతకు హక్కు ఉంది. దళానికి తెర, రంగస్థలం, అలంకరణ సామగ్రి అక్కరలేదు. ముగ్గురు మనుషులు, మూడు వాద్యాలు, ఒక బండి ఉంటే ఎక్కడ పడితే అక్కడ కథ చెప్పవచ్చు. వార్తాపత్రిక చదవలేని లక్షలాది మందికి ఆ ముగ్గురే పత్రిక.

ఈ రూపానికి తిరుగులేని కళాకారుడు గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో 1920లో పుట్టిన షేక్ నాజర్. సంగీతం క్షుణ్ణంగా నేర్చిన గొంతు, ఒక్క మనిషే పది పాత్రలుగా మారిపోగల నటన కలిపి బుర్రకథను ఆయన ప్రసంగం స్థాయి నుంచి నాటకం స్థాయికి ఎత్తారు. సుంకర సత్యనారాయణ వంటివారు కథలు రాసిచ్చారు. అల్లూరి సీతారామరాజు కథ, పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం నాజర్ నోట ఊరూరా మోగాయి. మోటూరి ఉదయం ప్రభృతులు నడిపిన మహిళా బుర్రకథ దళం మరో మలుపు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడమే తప్పుగా చూసే రోజుల్లో కథకురాలూ వంతలూ అందరూ స్త్రీలే అయిన దళం బహిరంగ సభల్లో కథ చెప్పడం ఆనాటి సమాజానికి పెద్ద కుదుపు. ప్రజానాట్యమండలి వేదికల మీద పాడి, ఆడిన కొండపల్లి కోటేశ్వరమ్మ దాదాపు డెబ్భై ఏళ్ల తర్వాత 2012లో ‘నిర్జన వారధి’ పేరుతో స్వీయచరిత్ర వెలువరించే దాకా ఆ స్త్రీల అనుభవాలు చాలావరకు చరిత్ర పుస్తకాలకు బయటే ఉండిపోయాయి.

1947: ‘మా భూమి’, ఆ తర్వాత నిషేధం

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఎన్నో ఏళ్లు అమల్లో ఉంది. వెట్టిచాకిరి, అక్రమ లెవీ, దొరల భూ ఆక్రమణలకు ఎదురు తిరిగిన ఆంధ్రమహాసభ 1944లో భువనగిరిలోనూ, 1945లో ఖమ్మంలోనూ జరుపుకున్న మహాసభలతో రైతాంగ ఉద్యమంగా మారింది. సభకు ఆంక్షలున్న చోట పాటకు బలం పెరగడం సహజం కాబట్టి, గొల్ల సుద్దులు, ఒగ్గుకథ, ఉయ్యాల పాట వంటి ఇంటి రూపాలన్నీ ఉద్యమ వార్తలను మోయసాగాయి. నల్లగొండ జిల్లా సుద్దాలకు చెందిన హనుమంతు గొల్ల సుద్దులకు కొత్త ప్రాణం పోస్తే, బండి యాదగిరి నైజాం నవాబును నిలదీస్తూ కట్టిన పాట పల్లె నుంచి పల్లెకు పాకింది.

సరిహద్దుకు అవతల, మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో, తెలంగాణ పోరాటాన్ని పరిచయం చేసిన ఘనత ‘మా భూమి’ నాటకానిది. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ఈ నాటకం 1947లో రంగస్థలం ఎక్కింది. ఒకే నాటకాన్ని పదుల సంఖ్యలో దళాలు ఏకకాలంలో వేర్వేరు జిల్లాల్లో ఆడటం తెలుగు నాటకరంగంలో అంతకు ముందు ఎరగని విషయం. ఒక దళాన్ని అరెస్టు చేస్తే పక్క తాలూకాలో మరో దళం ప్రదర్శన ఇచ్చేది. 1948లో మద్రాసు ప్రభుత్వం నాటకాన్ని నిషేధించాక ప్రదర్శనలు ఆగిపోయాయిగానీ, నాటకం నుంచి విడివడిన పాటలు ఆగలేదు. తెరా, వేషాలూ, రాతప్రతీ ఉన్న రూపాన్ని పోలీసులు పట్టుకోగలరు. నాట్లు వేసే మడిలోని కూలీల నోట ఉన్న పాటను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. బరువైన రూపం దెబ్బ తిన్న ప్రతిసారీ తేలికైన రూపంలోకి దిగి బతకడం ఈ దళం జీవలక్షణంగా స్థిరపడింది ఆ నిషేధ కాలంలోనే.

1951 తర్వాత: సినిమాకు వలస

1951 అక్టోబరులో తెలంగాణ రైతాంగ సాయుధ పోరాట విరమణ జరిగింది. నిర్బంధంలో చెల్లాచెదురైన కళాకారులకు ఆ తర్వాత ఎదురైన మొదటి ప్రశ్న బతుకుతెరువు. అప్పటికే విస్తరిస్తున్న మద్రాసు సినీ పరిశ్రమ వారికి తలుపు తెరిచింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి, అల్లు రామలింగయ్య, పెరుమాళ్లు వంటి నటులు, తాతినేని ప్రకాశరావు వంటి దర్శకులు మండలి బడిలో తయారైనవారే. డాక్టర్ రాజారావు స్వయంగా 1953లో ‘పుట్టిల్లు’ చిత్రం తీసి జమునను తెరకు పరిచయం చేశారు, కానీ ఆ ప్రయత్నం ఆయనకు కలిసిరాలేదు. 1963లో ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే మండలికి వెన్నుదన్నుగా ఉన్న కమ్యూనిస్టు పార్టీ రెండుగా చీలింది. ప్రజానాట్యమండలి పేరు తర్వాతి కాలంలో మళ్లీ పుంజుకుని నేటికీ రెండు తెలుగు రాష్ట్రాల్లో పనిచేస్తున్నప్పటికీ, తొలి దళం ఒరవడి మాత్రం అక్కడితో తెగిపోయింది. నాజర్ ఒక్కరు బుర్రకథను వదలకుండా పట్టుకుని, 1986లో పద్మశ్రీ అందుకుని, 1997లో మరణించే దాకా కథకుడిగానే బతికారు. తెలుగు సినిమా లాభపడిన ఈ వలసతో ఊళ్లలోని దళం ఆ మేరకు చిక్కిపోయిందని ఒప్పుకోక తప్పదు.

1972: అదే అమరిక, కొత్త గొంతు

దళం రెండో పుట్టుకకు పురుడు పోసినవి శ్రీకాకుళం కొండలు. 1967 తర్వాత అక్కడ చెలరేగిన గిరిజన రైతాంగ పోరాటంలో బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి ఉత్తరాంధ్ర జానపద రూపమైన జముకుల కథను ఉద్యమానికి మలిచి, 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో మరణించారు. జముకు అంటే అడుగున తోలు బిగించిన పాత్ర నడుమ నుంచి తీగ లాగి మీటే వాద్యం. 1970 జూలైలో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. హైదరాబాదులో బి. నర్సింగరావు ప్రోద్బలంతో నడుస్తున్న ఆర్ట్ లవర్స్ అనే కళాకారుల బృందం రూపాంతరం చెంది 1972లో జననాట్యమండలి అయింది. తూప్రాన్‌కు చెందిన గుమ్మడి విఠల్‌రావు అనే యువకుడు బస్తీల్లోని రిక్షా కార్మికుల మీద కట్టిన పాటతో ఆ బృందంలో నిలదొక్కుకుని, 1913లో అమెరికాలోని భారతీయ వలస కార్మికులు స్థాపించిన గదర్ పార్టీ పేరును స్ఫూర్తిగా తీసుకుని గద్దర్ అయ్యారు. ఉత్తరాంధ్రలో విశాఖ షిప్‌యార్డు కార్మికుడు వంగపండు ప్రసాదరావు తన యాసను, తన దరువును దళంలోకి తెచ్చారు. ఆయన ‘భూమి భాగోతం’ నృత్యరూపకం భూమి సమస్యను భాగోతం పద్ధతిలో ఆడించింది.

ఖమ్మం అడవుల వైపు ప్రభావం చూపిన దళం మరొకటి ఉంది. 1974లో ఏర్పడిన అరుణోదయ సాంస్కృతిక సమాఖ్య గోదావరి లోయ విప్లవోద్యమానికి దగ్గరగా ఉంటూ, పోడు వ్యవసాయం, తునికాకు కూలి రేట్లు, అటవీ అధికారుల వేధింపులు పాటలకు వస్తువులు కావడానికి దారి వేసింది. పోడు అంటే అడవిలో పొదలు నరికి చేసుకునే సాగు, తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఈ రెండింటి చుట్టూ తిరిగే బతుకు ఏమిటో తెలిసిన జనం ముందు ఉపన్యాసం అక్కరలేదు. కూలి రేటుకు దరువు తోడైతే పాట తయారవుతుంది. కోయల రేలా పాటల పల్లవి పద్ధతి, చేతులు కలిపి వలయంగా తిరిగే ఆట ఈ దళాల ద్వారా మైదానపు సభలకు చేరి, ఇవాళ టీవీ కార్యక్రమాల దాకా వెళ్లింది.

జననాట్యమండలి వేదిక మీద తెచ్చిన మార్పు వేషంతోనే మొదలవుతుంది. గోచీ పంచె, భుజాన గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో కర్ర, నడుముకో తలకో ఎర్రగుడ్డ ఆ వేషం. పాట నడుమ మాట, మాట నడుమ ఆట, ఆట నడుమ హఠాత్తుగా ప్రేక్షకుడికి ఒక ప్రశ్న, ఆ ప్రశ్నకు వంత నుంచి జవాబు వస్తాయి. బుర్రకథలో ముగ్గురు చేసే పనిని ఇక్కడ ఐదారుగురు చేస్తారు, గుమ్మెట స్థానంలో డప్పూ డోలకూ ఉంటాయి, రాజకీయ వంతకు కేటాయించిన చిన్న చోటు పెరిగి పెరిగి ప్రదర్శన మొత్తాన్ని ఆక్రమిస్తుంది. 1943 నాటి నిర్మాణం 1972లో లోపలి నుంచి తిరగబడిందే తప్ప మాయం కాలేదు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించి 1980 మార్చిలో విడుదల చేసిన ‘మా భూమి’ చిత్రంలో బండి యాదగిరి పాటను గద్దర్ పాడటంతో, మొదటి తరం పాట రెండో తరం గొంతులో మూడో తరానికి చేరింది.

క్యాసెట్టు, కటకటాలు, ప్రపంచంలోని తోటి బృందాలు

1975 జూన్‌లో వచ్చిన అత్యవసర పరిస్థితి దళాన్ని జైళ్లకూ రహస్య జీవితానికీ నెట్టింది. సరిగ్గా ఆ కాలంలోనే ప్రాగ్ నగరంలో ఒక రాక్ బ్యాండ్ ఇటువంటి స్థితినే ఎదుర్కొంటోంది. సోవియట్ సైన్యాలు చెకోస్లొవేకియాలో ప్రవేశించిన 1968లో పుట్టిన ప్లాస్టిక్ పీపుల్ ఆఫ్ ది యూనివర్స్ అనే ఆ బృందానికి ప్రభుత్వం ప్రదర్శన అనుమతి రద్దు చేయగా, వారు పల్లెల్లోని ఇళ్లలోనూ కొట్టాలలోనూ దొంగచాటుగా పాడారు. 1976లో సభ్యులను అరెస్టు చేసి శిక్షించడం దేశంలోని మేధావులను కదిలించి, 1977 జనవరిలో ఛార్టర్ 77 అనే పౌరహక్కుల ప్రకటనకు దారితీసింది. అక్కడ కమ్యూనిస్టు ప్రభుత్వం రాక్ గాయకులను, ఇక్కడ కమ్యూనిస్టు గాయకులను ప్రజాస్వామ్య ప్రభుత్వం జైలుకు పంపడంలోని వైరుధ్యం ఎలా ఉన్నా, పాట పట్ల అధికారానికి ఉండే భయం ఏ జెండా కిందనైనా ఒకటేనని ఈ రెండు ఉదంతాలూ చెబుతాయి.

అత్యవసర పరిస్థితి ముగిశాక దళానికి దొరికిన కొత్త సాధనం ఆడియో క్యాసెట్టు. రెండు టేపురికార్డర్లు ఉంటే ఎవరైనా నకలు తీయగలిగే క్యాసెట్టు, దళం కాలు పెట్టలేని ఊరికి కూడా గొంతును మోసుకెళ్లింది. అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ తన కచేరీలను అభిమానులు రికార్డు చేసుకుని పంచుకోవడానికి అనుమతించి, 1984లో వారికోసం ప్రత్యేకంగా చోటు కేటాయించింది. తెలుగునాట అటువంటి అనుమతులతో పని పడలేదు. పాట ఎవరి సొత్తూ కాదన్న భావన దళంలో మొదటి నుంచీ ఉంది కాబట్టి, చాలా పాటలకు రచయిత పేరు తెలియకుండానే అవి జనంలో కలిసిపోయాయి. ఇందులో లాభం ఎంత ఉందో నష్టమూ అంతే. ఊరూపేరూ లేని ఎందరో కవులు, డప్పు వాద్యకారులు చరిత్రకెక్కకుండా పోవడానికి కూడా ఆ భావనే కారణం.

1985–1997: ఒక్క మనిషి మీద పడిన బరువు

1984లో కెనరా బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా చేసిన గద్దర్, మరుసటి ఏడాది కారంచేడు దళితుల హత్యాకాండకు వ్యతిరేకంగా సాగిన నిరసనల నడుమ అజ్ఞాతంలోకి వెళ్లారు. దళం నాయకుడు బయట లేని ఆ సుమారు ఐదేళ్ల కాలంలో ఆయన పాటలు ఆగకపోవడానికి కారణం పాత ఏర్పాటే. వంత పాడినవారు ముందుకు జరిగారు, కొత్తవారు వంతకు వచ్చారు. 1990 ఫిబ్రవరిలో గద్దర్ బహిరంగ జీవితంలోకి వచ్చినప్పుడు హైదరాబాదు నిజాం కళాశాల మైదానంలో జరిగిన సభకు పోటెత్తిన జనాన్ని చూసి పాలకులు విస్తుపోయారు. ఏ సంస్థ ప్రచార యంత్రాంగమూ రప్పించలేనంత జనం ఒక గాయకుడి కోసం రావడం దళం చరిత్రలో శిఖరం. కానీ ఆ శిఖరం మీదే ఒక ప్రమాదం కూడా మొదలైంది.

అప్పటిదాకా దళాన్ని కాపాడింది ఎవరి స్థానంలోనైనా మరొకరు నిలబడగల వీలు. 1990 తర్వాత జనం మనసులో జననాట్యమండలి అంటే గద్దర్, గద్దర్ అంటే జననాట్యమండలి అనే సమీకరణ స్థిరపడింది. సంజీవ్, దివాకర్ వంటి సహచరులు దశాబ్దాల పాటు ఆయన పక్కన నిలిచి పాడినా, డప్పు కొట్టినా, పోస్టరు మీద ఒక్క ముఖమే మిగిలింది. ఇది ఆయన కోరి తెచ్చుకున్నదా, జనం అభిమానం చేసిన పనా అన్న చర్చ వేరు. ఫలితం మాత్రం 1997 ఏప్రిల్ 6న స్పష్టమైంది. ఆ రోజు ఆయన ఇంటి దగ్గరే దుండగులు కాల్పులు జరిపారు. ప్రాణం దక్కినా ఒక తూటా చివరిదాకా ఆయన వెన్నులోనే ఉండిపోయింది. దళాన్ని ఆపాలంటే ఎవరిని ఆపాలో ప్రత్యర్థులకు అప్పటికే తెలిసిపోయింది. రాక్ చరిత్రలోనూ ఈ సూత్రం కనిపిస్తుంది. ముప్ఫై ఏళ్లు నడిచిన గ్రేట్‌ఫుల్ డెడ్ 1995లో జెర్రీ గార్షియా మరణంతో ఆ పేరును విరమించుకుంది.

1999–2014: దరువు రాష్ట్రాన్ని అడిగింది

దళాన్ని మళ్లీ విస్తరింపజేసింది తెలంగాణ ఆకాంక్ష. భువనగిరి ప్రాంతానికి చెందిన గాయని బెల్లి లలిత తెలంగాణ కళాసమితి వేదికల మీద నీటి కరువును, వివక్షను పాడుతూ 1999లో దారుణ హత్యకు గురయ్యారు. ఆ హత్య కళాకారులను బెదరగొట్టడానికి బదులు కలిపింది. 2002లో కామారెడ్డిలో రసమయి బాలకిషన్ తదితరులు మొదలుపెట్టిన ధూంధాం రూపంలో విప్లవ దళం, ఒగ్గు కళాకారుడు, బతుకమ్మ పాట పాడే మహిళ, విద్యార్థి కవి అందరూ ఒకే వేదిక మీదికి వచ్చారు. పాటకు కీబోర్డు, ప్యాడ్లు తోడయ్యాయి, నేల మీద గొంగడి పరిచి పాడిన దళం ట్రక్కుల కొద్దీ స్పీకర్ల మధ్య నిలబడింది. గోరటి వెంకన్న, గూడ అంజయ్య, అందెశ్రీ, విమలక్క వంటి భిన్న ధోరణుల గొంతులు ఒక్క డిమాండు మీద కలిశాయి. 1969లో ఇదే కొత్తగూడెం, పాల్వంచ, ఖమ్మం ప్రాంతంలో ఉద్యోగ రక్షణల కోసం రాజుకున్న తొలి తెలంగాణ ఉద్యమానికి ఇంత పాట తోడు లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడటంలో రాజకీయ కారణాలు ఎన్ని ఉన్నా, ఊరూరా జనాన్ని రోడ్డు మీదికి తెచ్చిన దరువు పాత్రను కాదనేవారు లేరు.

2014 తర్వాత: జీతం, పురస్కారం, ప్రశ్న

రాష్ట్రం వచ్చాక ప్రభుత్వం తెలంగాణ సాంస్కృతిక సారథి అనే సంస్థను ఏర్పాటు చేసి 550 మంది కళాకారులకు నెల జీతం ఇచ్చింది. పూట గడవని డప్పు కళాకారుడికి స్థిరమైన ఆదాయం దొరకడం చిన్న విషయం కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం కడుపు నిండినవారి పని. అయితే జీతం ఇచ్చే సర్కారు పథకాలను పాడవలసి వచ్చినప్పుడు రాజకీయ వంత ప్రశ్న ఎవరిని అడగాలి? 1951 తర్వాత దళాన్ని సినిమా పలచబరిస్తే, 2014 తర్వాత ఆ పని ఖజానా చేసింది. రెండు సందర్భాల్లోనూ కళాకారుడి ఆకలి నిజమే, దళం ఖాళీ అయిన సంగతీ నిజమే.

గద్దర్ విషయంలో ఈ మార్పు మరింత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎన్నికల బహిష్కరణను పాడిన ఆయన 2018లో తొలిసారి ఓటు వేశారు. 2023 ఆగస్టు 6న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం సినిమా పురస్కారాలకు ఆయన పేరు ప్రకటించి, 2025 జూన్‌లో వాటిని తొలిసారి ప్రదానం చేసింది. ‘ఒరేయ్ రిక్షా’ చిత్రంలోని పాటకు వచ్చిన నంది పురస్కారాన్ని ఆయన తిరస్కరించారన్న సంగతి తెలిసినవారికి ఇందులోని మలుపు బోధపడుతుంది. రాజ్యం తనను ఎదిరించిన గొంతును గౌరవించడం ప్రజాస్వామ్యానికి బలమే కావచ్చు, ఆ గౌరవంతో ఆ గొంతు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పినట్టు మాత్రం కాదు.

అడవి అంచున మరో చరిత్ర దీనికి సమాంతరంగా సాగింది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన కోయ డోలీ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు. పార్టీ, జెండా, క్యాసెట్టు ఏవీ లేకుండా వంశపరంపరగా అందిన పాటను మోసిన ఆయన 2024 జూన్‌లో కన్నుమూశారు. పురస్కారం ఆయన్ను దేశానికి పరిచయం చేసిందిగానీ, వంతకు కూర్చునే కుర్రవాడిని తెచ్చిపెట్టడం పురస్కారం వల్ల అయ్యే పని కాదు. డోలీ బృందానికైనా పాటల దళానికైనా అసలు ఆస్తి రెండో వరుసే.

ఎనభై ఏళ్ల ఈ మైలురాళ్లను వరుసగా పేర్చి చూస్తే తేలే సారం ఒక్కటి. నిషేధం, జైలు, తూటా ఈ దళాన్ని ఆపలేకపోయాయి. దాన్ని నెమ్మదింపజేసినవి వెండితెర, ఒకే ముఖం, నెల జీతం. తేలికగా ఉన్నంతకాలం, అంటే ముగ్గురు మనుషులు, ఒక డప్పు, సొంతంగా కట్టిన పాట ఉన్నంతకాలం, దాన్ని ఎవరూ కొనలేదు, పట్టుకోలేదు. జూలూరుపాడు చుట్టుపక్కల అడగవలసిన ప్రశ్నలకు ఇవాళా కొరత లేదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు ఎందరికి అందాయి, అందనివారి దరఖాస్తులు ఎక్కడ ఆగాయి, బొగ్గు తవ్విన చోట నీళ్లు ఏమయ్యాయి అన్నవి ఏ రాజకీయ వంతకైనా చాలినంత ముడిసరుకు. తదుపరి మైలురాయి హైదరాబాదు వేదికల మీద ఇచ్చే పురస్కారం కాబోదు. ఈ ప్రశ్నలను తమ మాటల్లో, తమ దరువులో అడిగే ముగ్గురు కుర్రవాళ్లు ఏ తండాలోనో ఏ గూడెంలోనో జట్టు కట్టిన రోజే దళం తన తొంభయ్యో ఏటికి సిద్ధమైనట్టు.